హాకెట్ కుడిచెయ్యి

వెండెల్ హాకెట్ వెంట లింబాద్రి కూడా గదిలోకి రావడమే వసుంధరకు మొదట అనుమానం కలిగించింది. ఖతర్ దేశంలో, అల్ ఖోర్ ఊళ్ళోని ఆ క్లినిక్‌లో ఆమె ఫిజియోథెరపిస్టుగా చేరి ఆరేళ్ళయింది. ఇంగ్లీషు రాని కూలీలకు తోడుగా ఎవరో ఒకరు రావడం ఆమె రోజూ చూస్తూనే ఉంది. కాని ఇంగ్లీషు తప్ప మరో భాష తెలియని అమెరికన్‌కు, ఇంగ్లీషులోనే వైద్యం చదివిన తన ఎదుట, జగిత్యాల మనిషి తోడు దేనికో ఆమెకు బోధపడలేదు.

"ఫైలు మొయ్యనీకి వచ్చిన అమ్మా," అన్నాడు లింబాద్రి, అడగకముందే.

ఫైలులో ఉన్నది ఒకే ఒక్క కాగితం.

"మీరు బయట కూర్చోవచ్చు కదా?"

"నన్ను మీరు గీరు అనకుండ్రి అమ్మా. క్యాంపుల అందరు 'ఏయ్' అంటరు. గదే అలవాటైంది." అని నవ్వి, హాకెట్ కుర్చీ వెనకకు వెళ్ళి నిలబడ్డాడే గాని బయటికి పోలేదు.

వసుంధర కాగితం చదివింది. అది 1995 సంవత్సరపు సామర్థ్య పరీక్ష ఫారం. హాకెట్‌కు నలభై ఏళ్ళు. ఉత్తరాన కడుతున్న గ్యాస్ ప్లాంటులో క్రేన్లతో బరువులు ఎత్తించడం అతని పని. క్రేను నడిపేవాడికి తన గదిలోనుంచి బరువు ఎక్కడ దిగుతున్నదో చాలాసార్లు కనబడదు. కింద నిలబడినవాడి చెయ్యి చూసి నడుపుతాడు. అందుకే ఒక బరువుకు ఒకే మనిషి, ఒకే చెయ్యి అన్నది అక్కడి నియమం. ఆమె 'తగినవాడు' అని రాస్తే హాకెట్ ఇంకో రెండేళ్ళు ఆ పనిలో ఉంటాడు. 'తగడు' అని రాస్తే ఉంటాడో లేదో కంపెనీ తేలుస్తుంది. దోహాలో కూర్చునే డాక్టరు ఆమె రాసినదాన్ని ఇంతవరకు ఒక్కసారి కూడా మార్చలేదు.

కుర్చీ అంచులు కనబడకుండా కూర్చున్న ఆ మనిషి మెడ తలంత వెడల్పుగా ఉంది. "ఏం చేసేవాడు ఈయన, ఇక్కడికి రాకముందు?" అని ఆమె తెలుగులోనే అడిగింది.

"ఆల్ల దేశంల పెద్ద పహిల్వాన్ అమ్మా. ఫుట్‌బాల్ ఆడిండు."

"ఫుట్‌బాల్‌లో పహిల్వాన్లేమిటి?"

"పేరే ఫుట్‌బాలు. కాలుతోని తన్నుడు తక్కువ, మనిషి మీద వడుడు ఎక్కువ. బంతి పట్టుకున్నోన్ని ముందుకు పోనియ్యద్దు, సార్ డ్యూటీ గదే. బంతి సార్ చేతికి ఎన్నడన్న వచ్చిందో రాలేదో గూడ తెల్వదు."

ఫుట్‌బాల్ అన్న మాట విని హాకెట్ తల తిప్పాడు. తలతోబాటు భుజాలు కూడా తిరగడం వసుంధర గమనించింది. "పది సీజన్లు," అన్నాడతను. "రక్షణ వరసలో, కుడి చివర."

ఆమె అతణ్ణి కళ్ళు మూసుకొని, అరచేతులు పైకి ఉండేట్టు రెండు చేతులూ ముందుకు చాపమంది. మనసులో అంకెలు లెక్కపెట్టింది. పది దాటేసరికి కుడిచెయ్యి మెల్లగా లోపలికి తిరిగి కిందికి దిగసాగింది. వెనక లింబాద్రి దగ్గాడు. చెయ్యి పైకి లేచింది. కాసేపటికి మళ్ళీ దిగింది, మళ్ళీ దగ్గు.

"దగ్గుకు మందేమైనా ఇప్పించనా?"

"గొంతుల ఇసుక అమ్మా. మందుకు వోదు."

"అయితే వరండాలో కూలర్ ఉంది. నీళ్ళు తాగి రండి."

లింబాద్రి హాకెట్ వైపు చూశాడు. హాకెట్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. చేసేదిలేక లింబాద్రి బయటికి నడిచాడు.

ఈసారి చెయ్యి ఆగకుండా దిగి, తొడ మీద వాలింది. రెండు చేతులూ సమంగా చాచి ఉన్నానన్న నమ్మకంతో హాకెట్ కదలకుండా కూర్చున్నాడు. వసుంధర అర నిమిషం ఆగి, కళ్ళు తెరవమంది. అతను తన తొడ మీద ఉన్న చేతిని, అది వేరెవరిదో అన్నట్టు చూశాడు.

"ఎప్పటినుంచి?" అని అడిగింది.

అతను దాచలేదు. లూసియానాలో చెరకు తోటల మధ్య ఉన్న ఊరు అతనిది. మూడో సీజన్‌లో, 1981 అక్టోబరులో, తల వంచి ఒకణ్ణి ఢీకొన్నప్పుడు మెడనుంచి వేళ్ళదాకా నిప్పు పాకినట్టయింది. నిమిషంలో తగ్గింది కనుక ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడంవల్ల అదే తలతో అదే దెబ్బ మళ్ళీ మళ్ళీ తిన్నాడు. తినగా తినగా చేతికి స్పర్శ తగ్గింది. ఆట మొదలయ్యేముందు అతను ఒక చెయ్యి నేలకు ఆనించి వంగాలి. చెయ్యి నేలకు ఆనిందో లేదో అతనికి తెలిసేది కాదు. పక్కనే ఉండే రాస్కో అనే ఆటగాడు మోచేత్తో ఒకసారి పొడిచేవాడు, ఆనింది అని. జట్టు డాక్టరు ప్రతి శనివారమూ 'సిద్ధం' అని రాసేవాడు. ఏడేళ్ళపాటు ఒక చేతికి మోచేత్తో ఒకరు, కలంతో ఒకరు, ఇద్దరు కాపలా కాశారు. చివరికి ఒకసారి, అదుపు తప్పిన ఆ చేతిమూలాన హాకెట్ తూలి రాస్కో మోకాలి మీదే పడ్డాడు. రాస్కో మళ్ళీ ఆడలేదు. ఆ ఏడే హాకెట్ కూడా ఆట మానేసి, ఓడలు కట్టేచోట బరువులెత్తే పని నేర్చుకొని, ఆ పని పట్టుకొని ఖతర్ వచ్చాడు.

"రాస్కోకు మోకాలి సంగతి తెలుసు. ఎందుకు పడ్డానో తెలియదు," అన్నాడు.

లింబాద్రి తిరిగివచ్చాడు. ఇద్దరి ముఖాలూ చూసి, అడగకుండానే గ్రహించాడు.

"రాయకుండ్రి అమ్మా. సార్ నన్ను తట్టలు మోసేకాడికెల్లి పక్కకు తీసుకొచ్చి పని నేర్పిండు. చెయ్యి వడితే నేను వీపుల తడతా. మల్ల లేపుతడు. ఎవ్వలకు తక్లీఫ్ లేదు."

"తట్టేలోపల క్రేను మీదివాడు ఏం చూస్తాడు?"

లింబాద్రి హాకెట్ చేతివైపు చూశాడు.

"లింబాద్రీ, చాపిన చెయ్యి అంటే ఆపమని కదా? అది కిందికి పడితే?"

"దించుమని," అన్నాడు నేల చూస్తూ. ఆ వెంటనే మిగిలినదీ చెప్పాడు. "మొన్న బేస్తారం గట్లనే అయ్యింది. పైపుల కట్ట ఆపుమని సార్ చెయ్యి చాపిండు. చెయ్యి వడ్డది. పైన ముజఫ్ఫర్ అలీ దించవట్టె. తట్టేటంత టైం లేకుండె. నేనే చెయ్యి లేపిన. ఆయనకు రెండు చేతులు కనవడ్డయ్. ఏది వినాల్నో సమజ్ గాలె. కింద ఇద్దరు నేపాలోల్లుండిరి. దుంకిండ్రు గనుక బతికిండ్రు."

"ఈయనకు తెలుసా?"

"గాలికి ఊగింది సార్ అని చెప్పిన."

"ఇప్పుడు నిజం చెప్పు. నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

లింబాద్రి హాకెట్ ఎదుటికి వచ్చి, తన చెయ్యి చాపి చూపించి, దాన్ని కిందికి వదిలేశాడు. "సార్, దట్ డే విండ్ మాఫీ. నో విండ్. యువర్ హ్యాండ్."

హాకెట్ కోప్పడలేదు. "ఎంతమంది కింద?" అని మాత్రం అడిగాడు. లింబాద్రి రెండు వేళ్ళు చూపించాడు.

"రాయండి," అన్నాడు హాకెట్ వసుంధరతో.

'తగడు' అన్నది నిశ్చయమే. ఇక మిగిలింది కారణం అన్న గడి. ఆమె కలం ఆపి, హాకెట్‌కు ఉన్నది ఉన్నట్టు వివరించింది. వయసుతో వచ్చిన అరుగుదల అని రాస్తే అబద్ధం పూర్తిగా కాదు. మెడ ఎముకలు అరిగే ఉంటాయి. అప్పుడు కంపెనీ అతణ్ణి గోదాములో కూర్చోబెట్టే పనిలో ఉంచుకోవచ్చు. ఆటలో తగిలిన దెబ్బ అని రాస్తే, ఉద్యోగంలో చేరేనాడు 'పాత గాయాలు లేవు' అని అతను రాసిచ్చిన మాట తప్పవుతుంది. నెలలో పంపించేస్తారు.

అతను తొందరపడలేదు. "పది సీజన్లలో నా మీద ఎన్ని కాగితాలు రాశారో నాకు తెలియదు. వాటిలో ఒక్కదాంట్లో కూడా ఈ చెయ్యి లేదు. దీంట్లో ఉండనివ్వండి," అన్నాడు.

"గోదాము పని పోతుంది."

"తెలుసు."

ఆమె రాసింది: 1981 అక్టోబరు, ఆటలో మెడకు దెబ్బ, ఆ తరువాత అనేక పర్యాయాలు. ఏ పక్క, ఏ వేళ్ళు, ఎంతసేపు అని ఒక్కొక్కటే అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి రాసింది.

"ఏం రాస్తున్నరమ్మా?" అన్నాడు లింబాద్రి. ఆమె చెప్పింది. అతను తల అడ్డంగా ఊపి, "మరి ఇంటికి వోతడు గద," అన్నాడు. "నా పేరు గూడ రాయుండ్రి. రెండో చెయ్యి నాదే గదా."

"ఈ కాగితం ఒక్క మనిషిది," అంది వసుంధర. "ఇంకెప్పుడూ ఇంకొకరి చేతికి బదులు నీ చెయ్యి ఎత్తకు."

హాకెట్ సంతకం పెట్టడానికి కలం కుడిచేతనే తీసుకున్నాడు. చూస్తున్నంతసేపూ ఆ చెయ్యి చెప్పినట్టు వింటుందని అతనికి తెలుసు. అందుచేత కళ్ళు దానిమీదనుంచి తీయకుండా, ఒక్కొక్క అక్షరమే రాశాడు.

నెల తిరక్కుండా అతణ్ణి పంపించేశారు. అతని స్థానంలో కొత్త మనిషి వచ్చేదాకా ముజఫ్ఫర్ అలీ క్రేను, కింద చెయ్యి చూపేవాడు లేక, నాలుగు రోజులపాటు ఏ బరువూ ఎత్తలేదు.