గురువారం అక్క

బియ్యం కడిగి నీళ్లు ఒంపుతుండగా భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఇవాళ నీకు సెలవు. అందరం బయట తిందాం," అన్నాడు.

సెలవన్న మాటే గానీ, సెలవుకి ముందు చేయాల్సిన పనులు ఎప్పుడూ మామూలు రోజు కంటే ఎక్కువే. కడిగిన బియ్యం గిన్నె ఫ్రిజ్‌లోకి సర్దాలి. అత్తగారి మోకాళ్లకి మందు రాయాలి. కూతురి గౌను ఇస్త్రీ చేయాలి. నీళ్ల సీసా, అత్తగారి మాత్రలు, మూతి తుడుచుకునే గుడ్డ సంచిలో పెట్టాలి. అన్నీ అయ్యి ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టేసరికి కింద కారు హారన్ మూడుసార్లు మోగింది.

"ఆడవాళ్లతో ప్రయాణమంటే ఇంతే," అన్నాడు భర్త, ఆమె కారెక్కి తలుపు వేసుకుంటుంటే.

"ఎక్కడికి నాన్నా?" అని ముందు సీట్లోంచి అడిగింది పదకొండేళ్ల కూతురు.

"మా ఆఫీసులో వాడు చెప్పాడు, నూడుల్స్ హోటల్. పాత ప్రింటింగ్ ప్రెస్సు సందులో. బయట రెండు ఎర్ర కాగితపు లాంతర్లు వేలాడుతుంటాయట, అదే గుర్తు."

వెనక సీట్లో ఆమె సంచి సర్దడం ఆపేసింది.

అక్కడ లాంతర్లు రెండు లేవు, ఒక్కటే ఉంది. రెండోది మొన్నటి వానకి తడిసి చిరిగిపోయింది. ఆ సంగతి ఆ కారులో ఆమెకొక్కదానికే తెలుసు.

"అక్కడ కారు పెట్టుకోడానికి చోటుండదండీ," అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది.

అద్దంలో భర్త కళ్లు ఆమె మీదికి తిరిగాయి. "నీకెలా తెలుసు?"

"షాపుకొచ్చిన వాళ్లెవరో అనుకుంటుంటే విన్నాను."

ఆమె కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. వచ్చినవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ల కళ్లలోకి చూస్తూ రెండు కంటిపాపల మధ్య దూరం కొలిచి రాసే పని. గురువారం కొత్త అద్దాల పెట్టెలు వస్తాయి, వాటి లెక్క చూసుకోడానికి ఓనరు ఒంటిగంటకే షట్టర్ దించేస్తాడు. ఇంట్లో మాత్రం గురువారం కూడా మూడున్నర వరకూ డ్యూటీయే అని చెప్పింది. పద్నాలుగేళ్ల కాపురంలో ఆమె దాచుకున్నది నగ కాదు, నోటు కాదు. వారానికి రెండున్నర గంటలు. పోయినేడు ఒక గురువారం బస్సు తప్పిపోయి, వాన పట్టుకుంటే ఆ సందులో ఈ హోటల్ చూరు కింద తలదాచుకుంది. లోపల్నుంచి వేడివేడి సూపు వాసన వచ్చింది. ఎవరూ ఏమీ అడగని చోట, గోడకి ఎదురుగా ఉన్న చివరి కుర్చీలో కూర్చుంది. ఆ హోటల్లో బల్లలకి నంబర్లుండవు. వంటావిడ ఎవరి గిన్నెకి వాళ్ల పేరు కాగితం ముక్క మీద రాసి అంటిస్తుంది. ముప్పై ఏళ్లుంటాయేమో, మణికట్టు మీద కాలిన మచ్చ ఉన్న వడ్డించే అమ్మాయి చీటీల కట్ట పట్టుకుని, "పేరేంటక్కా?" అని అడిగింది. ఆమె చెప్పలేకపోయింది. ఇంట్లో "ఏమోయ్", "అమ్మా", "కోడలా". షాపులో "మేడమ్". తన పేరు తనే పలికి ఎన్నాళ్లయిందో గుర్తు రాక తడబడింది. ఆ అమ్మాయి నవ్వి, "పోనీలే, ఇవాళ గురువారం," అంటూ 'గురువారం అక్క' అని రాసుకుంది. "కారం ఎంత? ఒకటి నుంచి ఐదు దాకా ఉంది."

"ఐదు," అంది ఆమె, క్షణం కూడా ఆలోచించకుండా.

ఇంట్లో ఎవరైనా వింటే నమ్మరు. పెళ్లయిన మూడో రోజు అత్తగారు, "మా వాడికి కడుపులో మంట. వంటలో కారం వేయకు. నీకేం ఇబ్బంది లేదుగా?" అని అడిగితే, కొత్త కోడలు మర్యాద కోసం, "నాకూ అలవాటు లేదండీ," అంది. అంతే, ఆ అబద్ధం ఆమె జాతకమైపోయింది. భర్త కడుపులో మంట రెండేళ్లకే తగ్గింది. అతను బయట మిరపకాయ బజ్జీల్లాంటివి తినొచ్చి మూతి తుడుచుకునేవాడు. ఇంట్లో చప్పిడి తిండి మాత్రం మారలేదు. చుట్టాలొస్తే అత్తగారు మురిసిపోతూ చెప్పేది: "మా కోడలికి కారమూ లేదు, కోపమూ లేదు."

కారు సందు చివర ఆగింది. అప్పటికి చోటు దొరకక మూడుసార్లు చుట్టూ తిరిగారు.

"నువ్వన్నదే నిజమైంది. నీది నల్లనాలుక," అన్నాడు భర్త.

ఆదివారం మధ్యాహ్నం. హోటలంతా కిటకిటలాడుతోంది. గురువారాలు ఎప్పుడూ కనిపించని హోటల్ ఓనరు ఇవాళ గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. నలుగురికీ నడిమధ్య బల్ల దొరికింది. ఆమె తన చివరి కుర్చీ వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడింది. అందులో ఎవరో లావుపాటాయన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

వడ్డించే అమ్మాయి చీటీల కట్టతో వచ్చింది. ఆమెని చూడగానే ముఖం విప్పారింది. "అ..." అని నోరు తెరిచింది. ఆమె తల అడ్డంగా ఊపలేదు. ఊపితే భర్త చూస్తాడు. కళ్లు మాత్రం ఒక్కసారి కిందికి దించింది. ఆ అమ్మాయి చూపు భర్త మీదికి, అత్తగారి మీదికి, బల్ల మీదున్న మాత్రల డబ్బా మీదికి తిరిగి, వెనక్కొచ్చింది.

"ఏం కావాలి మేడమ్?" అంది, ముక్కూ మొహం తెలియనిదానిలా.

గండం గడిచింది. గడిచినందుకు సంతోషించాల్సింది పోయి, ఆ 'మేడమ్' ఎక్కడో గుచ్చుకుంది. ఈ ఊళ్లో ఆమెని అక్కా అని పిలిచేది ఈ ఒక్క చోటే.

భర్త తన పేరు రాయించి, మెనూ చూసి తనకి, తల్లికి, కూతురికి చెప్పాడు.

"మరి మేడమ్‌కి?" అంది ఆ అమ్మాయి, రాయడం ఆపి.

"ఆవిడకేం వద్దులే. మా వాటిల్లో మిగిలింది సరిపోతుంది. అయినా ఇక్కడి కారం ఆవిడ తట్టుకోలేదు."

మూడు గిన్నెలొచ్చాయి. కూతురికి నూడుల్స్ తినే పుల్లలు పట్టుకోవడం రాలేదు. ఆమె మెత్తటి గుడ్డ పరిచి, సూపు ఊది, ఫోర్కుతో చుట్టి ఇచ్చింది. అత్తగారికి నూడుల్స్ చిన్నచిన్న ముక్కలు చేసింది. "ఇవేంటే, వానపాముల్లా జారిపోతున్నాయి!" అంటూ అత్తగారు చెంచాతో వాటిని వేటాడుతోంది. కూతురు పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఇక భయం లేదనుకుంది.

అప్పుడే వంటింటి కిటికీలోంచి వంటావిడ ఇటు చూసింది.

చెవులు సరిగా వినపడని ముసలావిడ. మూడు గిన్నెలు వెళ్లిన బల్ల దగ్గర నలుగురున్నారు. నాలుగో మనిషి ముందు ఖాళీ బల్ల ఉంది. ఆ మనిషి తనకి బాగా తెలిసిన మనిషి. చీటీ కోసం ఎందుకు ఆగాలి? అయిదు నిమిషాల్లో ఆవిడే స్వయంగా పొగలు కక్కుతున్న గిన్నె పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టింది, భుజం మీద ఒక్కసారి తట్టింది. పొయ్యి మీద కుండ పొంగుతోందేమో, గబగబా లోపలికి వెళ్లిపోయింది.

ఎర్రటి సూపు. పైన మాడ్చిన ఉల్లిపాయలు, ఆమెకి ఇష్టమని రెండింతలు ఆకుకూర. గిన్నె అంచుకి అంటించిన కాగితం.

"గురువారం అక్క, ఐదు," అని కూతురు గట్టిగా చదివింది. "గురువారం అక్కంటే ఎవరు నాన్నా?"



"ఎవరో దారినపోయేది," అన్నాడు భర్త. అతనికి అనుమానం రాలేదు. ఆమెని అనుమానించేంత విషయం ఉంటుందని అతనికెప్పుడూ తోచలేదు. కానీ కోపం మాత్రం వచ్చింది, మరీ ముఖ్యంగా చుట్టూ జనం చూస్తున్నారని. "ఇదిగో, ఎవరమ్మా ఈ బల్లకి వడ్డిస్తోంది? మేం చెప్పింది మూడు. ఇదెవరిది? మా ఆవిడ చూసుకోకుండా తినేసి ఉంటే? ఆవిడకి కారం పడదు, ఆస్పత్రి పాలయ్యేది!"

వడ్డించే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. కాగితం చూసింది. ఆమె వైపు చూడనే లేదు.

"సారీ సార్. నాదే తప్పు. వేరేవాళ్ల చీటీ ఈ బల్లకి చెప్పాను."

"తప్పంటే సరిపోయిందా? ఓనరేడీ?"

ఓనరు వచ్చాడు. "ఇదివరకే రెండుసార్లు చెప్పాను నీకు," అన్నాడు ఆ అమ్మాయితో, మాట నలుగురికీ వినిపించేలా. "ఏప్రన్ విప్పి అక్కడ పెట్టి వెళ్లు. రేపట్నుంచి రానక్కర్లేదు."

"వదిలెయ్యరా, తినేటప్పుడు గొడవెందుకు," అంది అత్తగారు, నూడుల్స్ మీంచి కళ్లెత్తకుండా.

ఒక్క మాట చాలు. 'నాదే' అని రెండక్షరాలు. అవి ఆమె గొంతు దాకా వచ్చాయి, అక్కడే ఆగిపోయాయి. పద్నాలుగేళ్లుగా మాటలు అక్కడే ఆగి అక్కడే అరుగుతున్నాయి. చెబితే గురువారం పోతుంది. చెప్పకపోతే ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది. మణికట్టు మీది ఆ మచ్చ ఈ వంటింట్లోనే పడిందని, ఇంట్లో మంచాన పడిన తల్లి ఉందని ఆమెకి తెలుసు. అన్నీ తెలిసి, అత్తగారి గడ్డం మీద కారిన సూపు తుడుస్తూ కూర్చుంది. చెయ్యి దానంతటదే పనిచేసుకుపోతోంది. ఆ అమ్మాయి ఏప్రన్ ముడి విప్పుకుంటోంది. ముడి బిగుసుకుపోయినట్టుంది, రెండుసార్లు లాగింది.

"చూశావా, గట్టిగా అడిగితేనే పని జరుగుతుంది," అన్నాడు భర్త, తన గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "నువ్వైతే నోరు మూసుకుని తినేసేదానివి."

ఓనరు ఎర్ర గిన్నె తీసుకుపోయి గల్లా పక్కన పెట్టాడు, పారబోయడానికి.

ఆమె లేచింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. చేతిలో మూతిగుడ్డ అలాగే ఉంది.

"ఆ గిన్నె నాదే," అంది గల్లా దగ్గర. గొంతు ఎవరిదోలా ఉంది. "గురువారం అక్కని నేనే. ఏడాదిగా వస్తున్నాను. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమెని ఉండమనండి."

ఓనరు ఆమె వైపు చూడలేదు. ఆమె భుజం మీదుగా ఆమె భర్త వైపు చూశాడు. "సార్?" అన్నాడు, నిజమేనా అన్నట్టు.

ఆమె చెప్పిన నిజానికి కూడా సంతకం భర్తదే కావాలి.

భర్త నోట్లో నూడుల్స్ సగం బయటికి వేలాడుతున్నాయి. ఈలోగా వంటింటి కిటికీలోంచి ముసలావిడ తల బయటికి పెట్టి, ఏమీ వినకుండానే అరిచింది: "గురువారం అక్కా! ఇంకా తినలేదేం? నానిపోతాయి!"

ఓనరు గిన్నెని ఆమె వైపు జరిపాడు. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా మేడమ్," అని గొణిగి, గుమ్మం దాకా వెళ్లిన అమ్మాయిని చేత్తో పిలిచాడు. ఆ అమ్మాయి తిరిగొచ్చి ఏప్రన్ కట్టుకుంది. ఆమెకి కృతజ్ఞత చెప్పలేదు, నవ్వలేదు. వేరే బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె ఆలస్యం చేసిన ఆ కాసేపటినీ ఆ అమ్మాయి కొలుచుకుని ఉంటుంది.

ఆమె గిన్నె తెచ్చుకుని కూర్చుంది. భర్త ముందుకు వంగాడు. రోజూ ఊరందరి కళ్లూ కొలిచే మనిషి ఆమె. అతని కళ్లు తన వైపు ఇంత దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో. అతను గొంతు బాగా తగ్గించి అడిగాడు:

"ఎవరితో?"

ఏడాదిగా ఆమె ఎన్నో ప్రశ్నలకి జవాబులు తయారు చేసి పెట్టుకుంది. ఎందుకు వెళ్లావు, అబద్ధం ఎందుకాడావు, ఇంట్లో తిండి లేదా. ఈ ప్రశ్న ఆమె జాబితాలో లేదు.

"ఒక్కదాన్నే."

"చెవిలో పువ్వు పెట్టకు. ఏడాది పాటు ఒక్కదానివే వచ్చి ఏం చేస్తావ్?"

"ఒక్కతే ఏం చేస్తుందిరా ఆడది," అంది అత్తగారు, మెల్లగా.

ఇంకో మగాడి పేరు చెబితే ఇద్దరూ వెంటనే నమ్మేసేవాళ్లు. నిజమే దిక్కులేనిదైపోయింది. ఇంటికెళ్లాక ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది, ఇదే జవాబు మళ్లీ మళ్లీ అబద్ధమవుతుంది. ఫోన్ అడుగుతాడు. షాపుకొచ్చి ఓనర్ని అడుగుతాడు. ఆమె దగ్గర సాక్ష్యంగా ఉన్నది ఈ కాగితం ముక్క ఒక్కటే.

నూడుల్స్ నిజంగానే నానిపోయాయి. కారం మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు. రెండో ముద్దకే ముక్కు కారింది, కళ్ల నిండా నీళ్లు తిరిగి బుగ్గల మీదికి జారాయి. కూతురు కళ్లప్పగించి చూస్తోంది.

"అదిగో, ఏడుస్తున్నావు," అన్నాడు భర్త, దొంగ దొరికినట్టు. "ఏడుస్తున్నావంటే ఏదో ఉన్నట్టేగా."

ఆమె మూతిగుడ్డతో కళ్లు తుడుచుకోలేదు. గిన్నె మీంచి తలెత్తింది.

"ఏడుపు కాదు," అంది. "కారం."