విలన్లకు నూడుల్స్ లేవు

మా నొంతబురి రేవు సంతలో సీరియల్ మొదలైందంటే బేరాలు సాగవు. చేపలు తూచే చెయ్యి త్రాసు మీదే ఆగిపోతుంది. మామిడికాయలు చెక్కే కత్తి సగం తొక్కలో నిలబడిపోతుంది. అందరి కళ్లూ సమోన్ పెద్దమ్మ నూడుల్స్ కొట్టులో, ఫ్రిజ్ మీద కూర్చోబెట్టిన టీవీ వైపే. రేవుకు వచ్చిన జనం పడవ ఎక్కి ఇళ్లకు పోవడం మాని అక్కడే నిలబడతారు.

ఆ సాయంత్రం ‘మల్లెల చెర’ సీరియల్లో కథానాయకుడు పూరిత్ నాయిక చెంప ఛెళ్లుమనిపించాడు. రెక్క పుచ్చుకుని ఈడ్చుకెళ్లి గదిలో తోసి తాళం వేశాడు. వెనకాల వయొలిన్లు తియ్యగా మోగాయి. సంతంతా చప్పట్లు.

“ఇంక దారికొస్తుంది చూడండే! రేపో ఎల్లుండో ఒళ్లో పెట్టుకుని బుజ్జగిస్తాడు. అంత ప్రేమ లేకపోతే అంత కోపం వస్తుందా?” అంది సమోన్ పెద్దమ్మ, గరిటె గాల్లో ఊపుతూ.

మొదటి బల్ల దగ్గర కూర్చుని తింటున్న తవత్ పెద్దగా నవ్వాడు. రేవు దగ్గర బైకు మీద మనుషుల్ని దింపే కుర్రాడు అతను. ఆ కొట్టుకి కాబోయే అల్లుడు. సమోన్ పెద్దమ్మ చెల్లెలి కూతురు, తల్లి పోయాక ఆ కొట్టులోనే పెరిగిన బుసబాతో అతనికి పెళ్లి కుదిరింది. భిక్షువుల వర్షావాసం, అంటే వానాకాలపు దీక్ష, ముగియగానే ముహూర్తం. కాబోయే అల్లుడు కాబట్టి అతని గిన్నెలో మాంసం ఉండలు ఎప్పుడూ రెండు ఎక్కువ పడతాయి.

బుసబా మాత్రం వెనక కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది. టీవీ వైపు చూడలేదు. ఆమె ఎడమ చెంప మీద పౌడరు కాస్త మందంగా ఉంది. పొద్దున పడవవాడితో నవ్వుతూ మాట్లాడిందని తవత్ కొట్టిన దెబ్బ దాని కింద ఉంది. చదువరులు గమనించాలి. ఆ సాయంత్రం ఆ కొట్టులో రెండు చెంపదెబ్బలున్నాయి. ఒకదానికి చప్పట్లు దక్కాయి. రెండోదానికి రెండు మాంసం ఉండలు దక్కాయి. సంతలో ఎవరూ చెడ్డవాళ్లు కారు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. బాధంతా అక్కడే ఉంది.

సీరియల్ అయిపోయి జనం కదులుతుండగా రంపాయి వచ్చింది. ఇరవై ఏళ్లుగా టీవీలో లేడీ విలన్ ఆమె. ‘మల్లెల చెర’లో నాయిక పాలల్లో మందు కలిపేది, ఉత్తరాలు దొంగిలించేది, పూరిత్ కోసం అడ్డమైన పనులూ చేసేది ఆమే. సంత వెనక సందులోనే ఇల్లు. ఆమెను చూడగానే పెద్దమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది.

“వచ్చిందండీ మహాతల్లి! నిన్న ఆ పిల్ల పాలల్లో ఏం కలిపావే? సిగ్గూ శరం ఉందా నీకు? పో, నా కొట్టులో నీకు నూడుల్స్ లేవు!”

రంపాయి నుదుటిదాకా చేతులు జోడించింది. “క్షమించు పెద్దమ్మా. ముందున్నది నువ్వింకా చూళ్లేదు. గది తాళం తీశాక ఆ పిల్లని మెట్ల మీంచి తోసేస్తాను.”

“విన్నారా? ఎంత పొగరో చూడండి!” అంటూ పెద్దమ్మ పుచ్చకాయ తొక్క విసిరింది. పక్క కొట్టు ఆవిడ ఇంకోటి విసిరింది.

మా దేశంలో లేడీ విలన్లకు ఈ సత్కారం మామూలే. బాగా నటించినామెకు సంతలో కూరగాయలు కూడా అమ్మరు. రంపాయికి అదే బిరుదు. ఒకప్పుడు ముళ్లుండే దురియన్ పండు తొక్క తగిలి భుజం మీద గీత పడితే, ఆ మచ్చను పతకంలా అందరికీ చూపించుకుంది. బయట ఆమె ఎలాంటి మనిషంటే, షూటింగులో కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు అన్నం తిన్నారా లేదా అని అడిగి మరీ తినిపించే మనిషి. ఆ సంగతి సంతకు తెలియదు, తెలిసినా నమ్మదు.

తొక్కలు దులుపుకుంటూ పక్కనుంచి పోతుండగా ఆమె కంట కుళాయి దగ్గరి పిల్ల పడింది. రోజూ మొహానికి రంగు వేసుకునే మనిషికి ఆ పౌడరు కింద ఏముందో తెలియకుండా ఉంటుందా? వెళ్లి పక్కన గొంతుకూర్చుంది.

“ఏమ్మా, నీ మేకప్ మనిషెవరో గానీ మార్చెయ్యి. ఒక చెంపకే వేసి వదిలేసింది.”

బుసబా నవ్వబోయి, తల దించేసుకుంది. “మెట్ల మీద జారిపడ్డానక్కా.”

“నేను మెట్ల మీంచి తోసినవాళ్లు చాలామంది ఉన్నారు తల్లీ. ఒక్కళ్లకీ చెంప మీద వేళ్లు అచ్చు పడలేదు.”

ఆ మాటతో ఆ పిల్ల ఏడ్చేసింది. ఏడుస్తూనే అతన్ని వెనకేసుకొచ్చింది. “కోపం ఎక్కువే గానీ మంచోడక్కా. మీ సీరియల్లో పూరిత్ కూడా అంతే కదా? ఆఖరి వారంలో అందరూ మారిపోతారు కదా? పెళ్లయితే ఇతనూ మారతాడని పెద్దమ్మ అంటోంది.”

ఆ మాట రంపాయికి తగిలింది. తొక్కలు తగిలినప్పుడు ఎన్నడూ అంత నొప్పి కలగలేదు.

“చూడు తల్లీ, మా దగ్గర దెబ్బ ఎలా కొడతారో చెప్పనా? కొట్టేవాడు ముందొచ్చి చేతులు జోడించి క్షమించమంటాడు. ఎక్కడ కొట్టాలో, ఎంత మెల్లగా కొట్టాలో ఇద్దరం అనుకుంటాం. ఐసు పట్టుకుని ఒకమ్మాయి పక్కనే ఉంటుంది. నేను ‘చాలు’ అంటే చాలు, ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. అంతా అయ్యాక మళ్లీ చేతులు జోడిస్తాడు. నీ వాడు చేతులు జోడించాడా?”

బుసబా తల అడ్డంగా ఊపింది.

“నువ్వు ‘చాలు’ అంటే ఆగాడా?”

కుళాయి నీళ్లు గిన్నెలోంచి పొర్లిపోతున్నాయి.

మర్నాడు రంపాయి స్టూడియోలో అడుగు పెట్టగానే దర్శకుడు విచియన్ దగ్గరికి వెళ్లింది. జుట్టంతా నెరిసిన పెద్దమనిషి. సగం దేశం ఆయన సీరియళ్లు చూస్తూ పెరిగింది. మా సీరియళ్లకు షూటింగు ఒకపక్క, ప్రసారం ఒకపక్క నడుస్తాయి కాబట్టి, ఆ దెబ్బ తరువాతి ఉదయం ఇంకా తియ్యలేదు.

“గురువుగారూ, తెల్లారాక ఆ పిల్ల ఏం చేస్తుంది?”

“మల్లెతోటలో నడుస్తుంది. పూరిత్ పువ్వు ఇస్తాడు. అంతా రాశాంగా.”

“ఏ చెంపతో నడుస్తుంది?”

విచియన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “రంపాయీ, పగలంతా ఎండలో చాకిరీ చేసొచ్చిన మనిషికి సాయంత్రం మళ్లీ ఆ బతుకే చూపించమంటావా? వాళ్లకు ఒక కల కావాలి. కల చూపించడం తప్పా?”

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అలసిన కళ్లకు కాస్త వెన్నెల చూపించడం పాపమని ఎవరంటారు?

“చూపించండి. నేనూ ఇన్నాళ్లూ చూపించింది అదేగా! దెయ్యాల్ని పెట్టండి, నాగకన్యల్ని పెట్టండి. గాల్లో ఎగరమంటే ఎగురుతాను. కానీ ఈ కలలో దెబ్బకు నొప్పి లేదండీ. తెల్లారేసరికి చెంప తెల్లగా ఉంటోంది. ఆ అబద్ధం నమ్మి మా సంతలో ఒక పిల్ల తల వంచి పెళ్లి చేసుకోబోతోంది. ఒక్క సాయంత్రం వచ్చి చూడండి, ఆ తరువాత మీ ఇష్టం.”

ఆ సాయంత్రమే విచియన్ వచ్చాడు. టోపీ కళ్లమీదకు లాక్కుని సమోన్ పెద్దమ్మ కొట్టులో ఒక మూల కూర్చున్నాడు. ఆయనెవరో తెలియక పెద్దమ్మ మర్యాదగా గిన్నె నింపి పెట్టింది. రంపాయిని మాత్రం గుమ్మం తొక్కనివ్వలేదు. ఆమె మామిడికాయల బండి పక్కన నిలబడి చూసింది.

సీరియల్ మొదట్లో, ముందురోజు దెబ్బ మళ్లీ వేశారు. మళ్లీ వయొలిన్లు, మళ్లీ చప్పట్లు. ఈసారి విచియన్ టీవీ చూడలేదు, మనుషుల్ని చూశాడు. దెబ్బ చప్పుడుకు కుళాయి దగ్గరి పిల్ల ఉలిక్కిపడింది. తడి చెయ్యి దానంతటదే చెంప మీదకు పోయింది. మొదటి బల్ల దగ్గర తింటున్న తవత్ ఆమె వైపు తిరిగి, “చూశావుగా? నేర్చుకో,” అన్నాడు నవ్వుతూ. అందరూ నవ్వారు.

విచియన్ నూడుల్స్ తినే పుల్లలు గిన్నె మీద పెట్టేశాడు. మరి ముట్టుకోలేదు. బయటికొచ్చి రంపాయి పక్కన నిలబడ్డాడు.

“కథ మారిస్తే ఆఖర్లో నీ పాత్రకు పిచ్చెక్కే సీను పోతుంది. ఇరవై ఏళ్లుగా అలాంటి సీను కోసమే చూస్తున్నావు. బహుమతులన్నీ దానికే ఇస్తారు,” అన్నాడు.

“పోనీండి. పిచ్చి పట్టింది నాకు కాదుగా.”

ఆ ఒక్క మాటకు ఆమెకు పాదాభివందనం చెయ్యాలనిపిస్తుంది నాకు. నటులకు పాత్ర ప్రాణం. దాన్ని ముక్కూ మొహం సరిగ్గా తెలియని పిల్ల కోసం వదులుకున్నవాళ్లను నేను మరొకరిని చూడలేదు.

మా సీరియళ్లలో ఒక్క రాత్రి వారంపాటు సాగుతుంది కాబట్టి, వారం తిరిగేసరికి ఆ ఉదయం టీవీలోకి వచ్చింది. మల్లెతోట లేదు, వయొలిన్లు లేవు. నాయిక గది కిటికీ దగ్గర కూర్చుని ఉంది. చెంప వాచి, నీలంగా కమిలి, కన్ను సగం మూసుకుపోయింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమల్లేక తీసేసింది. అంతే, ఇంకేమీ జరగలేదు. కొట్టులో చప్పట్లు కొట్టడానికి లేచిన చేతులు ఎలా దించాలో తెలియక నిలబడిపోయాయి.

“అయ్యో, నిజం దెబ్బలా ఉందే!” అని ఎవరో అన్నారు.

టీవీలో గది తలుపు తెరుచుకుంది. రంపాయి లోపలికి వచ్చింది. “వచ్చిందిరా దెయ్యం!” అని సంతంతా తిట్లకు సిద్ధమైంది. రంపాయి ఆ చెంప చూసింది. పగ తీరిన నవ్వు నవ్వలేదు. గుడ్డలో ఐసు చుట్టి తెచ్చి, ఆ చెంపకు తాకీ తాకకుండా ఆనించింది.

“ఈ మగాడి కోసమే నేను ఇన్ని పాపాలు చేశాను. ఇప్పుడు ఊరికే ఇచ్చినా నాకు వద్దు. తలుపు తీసి ఉంది, బయట కారుంది. వెళ్లిపో చెల్లీ. వీడు మారతాడేమోనని నువ్వు చెంప పట్టుకుని ఎదురుచూడక్కర్లేదు,” అంది.

కుండలో పులుసు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది. సమోన్ పెద్దమ్మ పట్టించుకోలేదు. తిన్నగా కుళాయి దగ్గరికి నడిచింది. నడుముకు కట్టుకున్న గుడ్డ అంచు తడిపి బుసబా చెంప తుడిచింది. పాత మచ్చ పసుపుపచ్చగా మారుతోంది. దాని పక్కనే కొత్తది ఒకటి ఉంది.

“మళ్లీ కొట్టాడా?”

బుసబా తల ఊపింది.

“నాకెందుకు చెప్పలేదే?”

“చెప్పాను పెద్దమ్మా. ప్రేమ ఉంటేనే కోపం అన్నావు.”

పెద్దమ్మ ఆ పిల్లను గుండెకు హత్తుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు తవత్ మామూలుగా వచ్చి మొదటి బల్ల దగ్గర కూర్చున్నాడు. “పెద్దమ్మా, ఆకలేస్తోంది. త్వరగా!”

పెద్దమ్మ గిన్నె తెచ్చి అతని ముందు బోర్లించింది. “నా కొట్టులో విలన్లకు నూడుల్స్ లేవు.”

“ఏంటి పరాచికాలా? బుసబా! ఇలా రా!”

బుసబా వచ్చింది. మొహాన పౌడరు లేదు. రెండు మచ్చలూ అందరికీ కనబడుతున్నాయి.

“నాకీ పెళ్లి వద్దు. చాలు. చాలంటే ఆగిపోవాలి.”

తవత్ చెయ్యెత్తి ఒక అడుగు వేశాడు. అంతే, ఎక్కడినుంచి వచ్చిందో గానీ ఒక పుచ్చకాయ తొక్క వచ్చి అతని వీపున పడింది. తరువాత చేపల కొట్టు ఆవిడ చెప్పు, మామిడి టెంకలు, మా సంత తిట్లన్నీ పడ్డాయి. “సిగ్గులేదురా? ఆడపిల్ల మీదా నీ ప్రతాపం?” ఇరవై ఏళ్లుగా రంపాయి మీద పదును పెట్టుకున్న నోళ్లు అవి, ఒక్కటీ గురి తప్పలేదు. తవత్ బైకు దగ్గరికి పరుగెత్తాడు. ఆ తరువాత మా రేవులో అతనికి ఒక కప్పు కాఫీ పోసినవాళ్లు లేరు.

సాయంత్రం రంపాయి వచ్చి అలవాటుగా కొట్టు బయటే ఆగింది, తిట్ల కోసం. సమోన్ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి మొదటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. బుసబా పొగలు కక్కే గిన్నె తెచ్చి పెట్టింది. మాంసం ఉండలు పైదాకా ఉన్నాయి.

రంపాయి గిన్నె వైపు బెంగగా చూసింది. “అయితే నా నటన చెడిపోయిందా పెద్దమ్మా? ఇక తిట్టవా?”

“వచ్చే సీరియల్లో తిడతాలే, ముందు తిను,” అంది పెద్దమ్మ, కళ్లు తుడుచుకుంటూ. తరువాత ఎదురుగా కూర్చుని, టీవీ వైపు చెయ్యి చూపించింది. “మీ సీరియల్ తీసే పెద్దాయనకు నా మాటగా చెప్పు తల్లీ. రాజుల కథలు చూపించండి, దెయ్యాల కథలు చూపించండి, అబద్ధమని తెలిసే చూస్తాం, ఏడుస్తాం, నవ్వుతాం. దెబ్బకు నొప్పి ఉండదని మాత్రం మా ఆడపిల్లలకు అబద్ధం చెప్పకండి.”