ఆరో అంతస్తు మీద సదస్సు

ఆదివారం మధ్యాహ్నాలు ఆ ఇంటి ముందుగదిలో నలుగురు చేరేవారు. ఇల్లు లిఫ్టు మెకానిక్‌ది. అతని భార్యను వచ్చినవాళ్లంతా అక్క అనే పిలిచేవారు. ఆసుపత్రి బట్టల గదిలో చిరిగిన దుప్పట్లు, రోగుల గౌన్లు కుట్టడం ఆమె పని. మందుల షాపులో పనిచేసే ఆమె తమ్ముడు వచ్చేవాడు. అతని వెంట స్నేహితుడు డోలు. బల్ల కనబడితే చాలు, వేళ్లతో దరువేసేవాడు కాబట్టి చిన్నప్పుడే ఆ పేరు ఖాయమైపోయింది.

వాళ్లను కలిపింది ‘ఆరో అంతస్తు’ అనే రాక్ బ్యాండ్. సగంలో ఆగిపోయిన ఒక భవనం పైన, గోడలు లేని అంతస్తులో సాధన చేసిన కుర్రాళ్లు తమకు తామే పెట్టుకున్న పేరది. గాయకుడు పోయి చాలా ఏళ్లయింది. మిగతావాళ్లు తలో దిక్కయిపోయారు. ఈ నలుగురు మాత్రం ఆ రికార్డులను అరగదీస్తూనే ఉన్నారు.

అక్కకు చెవులు మందగిస్తున్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. చెవికి మిషను పెట్టుకునేది. ఎదురుగా కూర్చుని పెదవులు చూస్తూ మాట్లాడితే సగం వినేది, సగం ఊహించుకునేది. ఎవరికీ తెలియనిది ఒకటుంది. పాట ఆమెకు పూర్తిగా పోయింది. మొదట గిటారు సన్నటి స్వరాలు పోయాయి, తర్వాత గొంతు పోయింది. మిషను పెట్టుకుని వింటే రేకుల కప్పు మీద కంకర కుమ్మరించినట్టుండేది. అయినా ఆదివారాలు మానలేదు. అందరితోపాటు కూర్చుని, అందరితోపాటు తల ఊపేది.

ఆ వారం తమ్ముడు ఫోనులో ఒక ప్రకటన చూపించాడు. ఊళ్లోని విశ్వవిద్యాలయంలో ‘ఆరో అంతస్తు’ పాటల మీద సదస్సు. ఎవరైనా రావచ్చు.

“వెళ్దామా బావా?” అన్నాడు తమ్ముడు.

“ఎందుకు? మనం ఏడ్చిన పాటకి వాళ్లు సిద్ధాంతం చెబుతారు, మనం చప్పట్లు కొట్టాలి. అంతేగా?” అన్నాడు మెకానిక్.

“నువ్వెప్పుడూ ఇంతే. పెద్దపెద్దవాళ్లు కూర్చుని మన బ్యాండ్ గురించి మాట్లాడుతుంటే గర్వంగా ఉండదా?”

“పాటను ముక్కలు కోసి చూస్తే అందులో పాట ఎక్కడుంటుందిరా?”

“లిఫ్టు విప్పకుండానే బాగుచేస్తావా నువ్వు?”

“లిఫ్టు చెడిపోతే విప్పుతాను. పాట చెడిపోయిందా?”

“బావా, మనం పోతే ఈ పాటలు ఎవరికి గుర్తుంటాయి? నా పిల్లలు ఒక్కటి కూడా వినరు. కనీసం వాళ్లు రాసి పెడితే ఎక్కడో ఒకచోట ఉంటాయి.”

“ఉంటాయి. అలమరలో, దుమ్ములో.”

“టీ, బిస్కెట్లు పెడితే మాత్రం నా ఓటు సదస్సుకే,” అన్నాడు డోలు. ఎవరూ నవ్వలేదు. మాటా మాటా పెరిగింది. తమ్ముడు లేచి నిలబడ్డాడు.

“నేను వెళ్తాను,” అంది అక్క.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

“నాకు పాట వినపడటం లేదు. ఎవరైనా మాటల్లో చెబితే, తెర మీద రాసి చూపిస్తే, కాస్తయినా అందుతుందేమోనని.”

“ఎప్పటినుంచి?” అన్నాడు మెకానిక్.

“పోయిన వానాకాలం నుంచి.”

“మరి వారం వారం తల ఊపుతున్నావు కదే!”

“డోలు వేళ్లు చూసి.”

డోలు చేతులు బల్ల మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మెకానిక్, భార్య ముఖంలోకి చూడలేక, తిరుగుతున్న రికార్డును ఆపడానికి లేచాడు. నలుగురిలో చెప్పిందనే కోపమో, తనకొక్కడికైనా చెప్పలేదనే బాధో అతనికే తెలియలేదు.

సదస్సుకు నలుగురూ వెళ్లారు. పెద్ద హాల్లో మనుషులకన్నా ఖాళీ కుర్చీలే ఎక్కువ. అక్క ముందు వరసలో కూర్చుంది. మొదటి వక్త కాగితంలోంచి తలెత్తకుండా చదివాడు. అతని పెదవులు ఆమెకు కనబడనే లేదు. తర్వాత ఒక యువ అధ్యాపకురాలు వచ్చింది. ఆమె నెమ్మదిగా, సభను చూస్తూ మాట్లాడింది. చివరి రికార్డులోని ఆఖరి పాట శబ్దాన్ని తెర మీద గీతలుగా చూపించింది. ఒకచోట గీత సన్నగిల్లి, వణికి, మళ్లీ లేచింది. అక్క ముందుకు వంగి చూసింది.

ప్రశ్నల సమయంలో లేచి నిలబడింది.

“ఆ గీత వణికినచోట గొంతు ఎలా ఉంటుందమ్మా? నాకు వినపడదు. ఒకప్పుడు విన్నాను, ఇప్పుడు జ్ఞాపకానికి కూడా రావటం లేదు. కాస్త చెప్పగలవా?”

అధ్యాపకురాలు ఏదో మొదలుపెట్టి ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. చేతిలో కాగితాలు కింద పెట్టేసి, “నాకు చేతకావటం లేదండీ. నిజంగా చేతకావటం లేదు,” అంది.

అప్పుడు మెకానిక్ లేచాడు. భార్య ఎదురుగా వచ్చి నిలబడి, “నేను చెబుతాను. అక్కడ వాడి గొంతు...” అన్నాడు. ఇంతకాలం తన గుండెల్లో మోగిన గొంతు. ఒక్క మాటా దొరకలేదు. దుఃఖం ముంచుకొచ్చి చేత్తో నోరు మూసుకున్నాడు.

“చెయ్యి తియ్యి,” అంది ఆమె. “పెదాలు కనబడటం లేదు.”

అతను తీయలేదు. సమయం అయిపోయిందని అధ్యక్షుడు బల్ల తట్టాడు.

బయట వరండాలో అధ్యాపకురాలు వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. చేరేవాళ్లు లేక తమ విభాగాన్ని మూసేస్తున్నారనీ, ఇలాంటి సదస్సు ఇక ఉండదనీ చెప్పింది. ఎన్నో వాదనలు సిద్ధం చేసుకుని వచ్చిన మెకానిక్, తమ్ముడు పక్కపక్కనే నిలబడి విన్నారు.

ఆ తర్వాత ఆదివారాలు ఆగిపోయాయి. తమ్ముడికి ఏదో ఒక పని పడేది. డోలు ఫోను చేసి కుశలమడిగి పెట్టేసేవాడు. ఇంట్లో రికార్డులు బీరువా మీదికెక్కాయి. “నాకెందుకు పాటలు, నువ్వు లేకుండా,” అన్నాడు మెకానిక్.

ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి తొందరగా వచ్చింది. అతను ముందుగదిలో ఊరికే కూర్చుని ఉన్నాడు, మొహం కడుక్కున్నట్టు తడిగా ఉంది. టీ గ్లాసు తీస్తుంటే ఆమె చెయ్యి రికార్డు ప్లేయరు పక్కనున్న ఆంప్లిఫయర్‌కు తగిలింది. అప్పుడే ఆపినట్టు వేడిగా ఉంది.

“పాట పెట్టుకో,” అంది.

“లేదే, నేనేమీ...”

“పెట్టుకోవయ్యా. దొంగతనమా ఏమన్నా? నేను వంటింట్లో ఉంటాను.”

ఆమె చెవి మిషను తీసి కిటికీలో పెట్టింది. పొయ్యి వెలిగించింది. ముందుగదిలో అతను పాట పెట్టాడో లేదో, పెడితే ఏ పాట పెట్టాడో తెలుసుకోవాలంటే వెళ్లి అతని ముఖం చూడాలి. ఆమె వెళ్లలేదు. గిన్నెలు తోముతూ అక్కడే నిలబడింది.