గొట్టంలో రెండు గీతలు

"డెల్మర్ ఇంటి దగ్గర రాత్రి మళ్ళీ వానొచ్చిందట!" టోపీ కూడా తీయకుండా కెఫే నడిమధ్య నిలబడి ప్రకటించాడు హార్లన్.

ఆర్వల్ నోటిదాకా వెళ్ళిన డోనట్ అక్కడే ఆగింది. "వ్యానొచ్చిందా? ఎప్పుడు?"

"రాత్రి. రెండు గీతలట! పెట్రోలు బంకు దగ్గర కనపడి చెప్పాడు."

"రెండు గీతలా? గుండె గీతలేనా? నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా, ఆ గుండె మంచిది కాదని."

"గుండె కాదయ్యా బాబూ, గొట్టం! గొట్టం!"

"గొట్టం కూడా పెట్టేశారా!" ఆర్వల్ డోనట్ పళ్ళెంలో పడేసి లేచాడు. చెవిలో యంత్రం ఉంది గానీ, అది ఆయన చెవికి ఆభరణమే తప్ప ఆధారం కాదు. వెనక తలుపులోంచి ఇంటికి పరుగు లాంటి నడక నడిచాడు, భార్య బెర్డీన్‌కు కబురు మోసుకుని.

అతన్ని వెనక్కి పిలవాల్సిన మనిషి కాఫీ కూజా పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. పిలవలేదు. డెల్మర్ భార్య ఆర్డిస్ చెవిలో ఆసుపత్రి వ్యాను పడలేదు, వానే పడింది. ఆ మాటకే ఆమె కూజా నిలబెట్టడం మరిచింది. కప్పు నిండి, సాసరు నిండి, బల్ల మీద కాఫీ కాలవ కట్టింది.

ఆర్డిస్ ఆ కెఫేలో కాఫీ పొయ్యడం మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందో అడిగితే ఆమె కాళ్ళు చూపిస్తుంది. మోకాలి దాకా బిగుతు మేజోళ్ళు, వాటి కింద ఉబ్బిన నీలిరంగు నరాలు. పొడుగైన మనిషి. ఎప్పుడూ బల్లల మీదికి వంగి వంగి నిటారుగా ఉన్నప్పుడు కూడా ఎవరికో ఏదో వడ్డిస్తున్నట్టే ఉంటుంది. కుడి మణికట్టు మీద పెనం అంచు పెట్టిన పాత వాత. జుట్టు మీద వల. గొలుసుకు వేలాడే కళ్ళజోడు. మాట తక్కువ, చేయి నిదానం. ఎవరి కప్పులో ఎన్ని పాలు, ఎవరి కథలో ఎన్ని నీళ్ళు అన్నీ తెలిసినా, నింపేది కప్పులే. అలాంటి మనిషికి ఈ జూలైలో కప్పులు నింపడంతో పాటు కప్పిపుచ్చడం కూడా పనైంది.

మా నార్డీన్ ఊళ్ళో జూలై నెలలో ఒకరినొకరు పలకరించే తీరు ఒక్కటే. "నీకెంత?" అంటారు. జీతం గురించి కాదు, వయసు గురించీ కాదు. రాత్రి నీ గొట్టంలో ఎంత వాన పడిందని. ప్రతి ఇంటి కంచె గుంజకూ గీతలు గీసిన గాజు గొట్టం ఒకటుంటుంది. పొద్దున్నే మగవాళ్ళు కాలకృత్యాల కన్నా ముందు దాన్ని చూసుకుంటారు. తర్వాత కెఫేలో కిటికీ పక్క పెద్ద బల్ల చుట్టూ చేరి, వరసగా ఎవరి గీతలు వాళ్ళు చెప్పుకుంటారు. గొట్టం లేనివాడు ఆ బల్ల దగ్గర గొట్టంగాడి కిందే లెక్క. పట్టిన చేప పొడుగు గురించి, పాత ట్రాక్టరు బలం గురించి ఎన్ని కోతలైనా కొయ్యనిస్తారు. వాన గురించి మాత్రం కొయ్యనివ్వరు. చేలో కోత దాని మీదే ఆధారపడింది మరి.

ఆ ఏడు జూన్ సగం నుంచీ చినుకు లేదు. పడమట మబ్బులు రావడం, మభ్యపెట్టడం, నది దాటిపోయి పక్క జిల్లాలో కురవడం, ఇదే వరస. కండెలు పీచు తొడిగే అదనులో మొక్కజొన్న ఆకులు పొగాకు చుట్టల్లా చుట్టుకుపోయాయి. రోడ్డు మీద తారు బుడగలు కట్టింది. బ్యాంకుకు వెళ్ళినవాళ్ళు డబ్బు సంగతి మరిచిపోయి ఏసీ కింద నిలబడి వచ్చేవాళ్ళు. డెల్మర్ గుండెజబ్బు తర్వాత పెద్ద పొలమంతా కౌలుకిచ్చేసి ఇంటి పక్క చేను ఒక్కటే ఉంచుకున్నాడు. ఆ ఒక్కటీ కళ్ళెదుట ఎండిపోతుంటే తిండి మానేశాడు. గుడ్డు పెడితే ఫోర్కుతో అటూ ఇటూ తిప్పి, చివరకు కుక్కకు పెట్టేవాడు.

ఒక తెల్లవారుజామున ఆర్డిస్ టమాటా మొక్కలకు నీళ్ళు పోస్తుంటే చేయి జారి కాసిని గొట్టంలో పడ్డాయి. గమనించకుండానే పనికి వెళ్ళిపోయింది. పొద్దెక్కాక డెల్మర్ కెఫేలోకి వచ్చిన తీరు చూస్తే పెళ్ళిచూపుల నాటి డెల్మరే. "గొట్టంలో గీత ఉంది!" అన్నాడు. రెండు గుడ్లు అడిగాడు, రెండూ తనే తిన్నాడు. ఆమె నిజం చెప్పబోయింది. అప్పటికే నాలుక మీద ఉన్న మాట, ఆయన రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకోవడం చూసి వెనక్కి జారిపోయింది.

అప్పటినుంచీ రెండు రోజులకో మూడు రోజులకో చీకటితోనే లేచి, వంటింటి కుళాయి నీళ్ళు కొలతగిన్నెలో పట్టి, గొట్టంలో ఒక గీత, ఒక్కోసారి రెండు పొయ్యడం అలవాటు చేసుకుంది. వేసవి వాన మా వైపు రోడ్డుకు ఒక పక్క తడిపి రెండో పక్క వదిలేసే రకమే. కొంచెమే గనక నేల ఇట్టే పీల్చేసిందనుకోవచ్చు. అయినా ప్రతి పొద్దునా ఆమెకు దొంగతనం చేసొచ్చినట్టే ఉండేది. పోసేది నీళ్ళే, పోయేది మాత్రం మరేదో.

"అదుగో, వాన దేవుడొచ్చాడు!" హార్లన్ కేకతో ఆమె ఉలిక్కిపడి గుడ్డతో బల్ల తుడిచింది.

డెల్మర్ లోపలికొచ్చాడు. సన్నబడిన మెడ చుట్టూ చొక్కా కాలరు వదులుగా నిలబడింది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఎంతన్నావ్?" అన్నాడు హార్లన్.

"గొట్టంలో రెండు గీతలున్నాయి."

"నీ చేనుకీ నా చేనుకీ మధ్య ఏముందయ్యా? మూడు వరసల తీగ కంచె. వాన కంచె చూసి ఆగిందా? గేటు తీసేవాడు లేక వెనక్కి పోయిందా?"

బల్ల చుట్టూ నవ్వులు. డెల్మర్ కూడా పెదవి కదిపాడు. "నేను గొట్టంలో ఉన్నదే చెప్పాను, హార్లన్."

"గొట్టంలో ఉందా, గొంతులో ఉందా?" ఈసారి హార్లన్ నవ్వలేదు. "చూడు డెల్మర్. ఇన్నేళ్ళూ రేడియో చెప్పింది నమ్మకపోయినా నువ్వు చెప్పింది నమ్మాం. మా నాన్న కూడా నీ లెక్కే లెక్క అనేవాడు. నా పంట మాడిపోతోంది. రాత్రిళ్ళు నిద్రలేదు. నువ్వు రోజూ వచ్చి మా మొహాన వాన చల్లితే ఎట్లా? ఈ వయసులో అబద్ధాలేంటయ్యా?"

ఆ బల్ల దగ్గర ఆ మాట అంతకుముందు ఎవరూ ఎవరినీ అనలేదు. డెల్మర్ చెవులు ఎర్రబడ్డాయి. కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. ఆర్డిస్ వైపు మాత్రం చూడలేదు. ఆమె కూజా ఎత్తి పట్టుకుని, ఇక్కడే, ఇప్పుడే చెప్పెయ్యాలనుకుంది. అందరి ముందూ చెబితే ఆయన పెళ్ళాం చేతిలో మోసపోయిన వెర్రివాడవుతాడు. చెప్పకపోతే అబద్ధాలకోరు. రెండింట్లో ఏది తక్కువ అవమానమో తేల్చుకోలేక ఆయన కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది. ముందు ఆయనకు చెప్పాలి. మధ్యాహ్నం, ఇంట్లో, భోజనానికి ముందే. ఆయన క్షమిస్తే రేపు బల్ల దగ్గర తనే చెబుతుంది. అలా అనుకుని పని ముగిసేదాకా గిన్నెలు తోముతూ ఆ మాటలనే తోముకుంటూ గడిపింది. కాఫీ కూజాల అడుగున నీళ్ళు పెట్టిన తెల్లటి సున్నం గార పట్టి ఉంటే వెనిగర్ పోసి నానబెట్టి గీకింది. మా ఊరి భూమిలోని నీళ్ళకు అదో జబ్బు. ఎండితే చాలు, గాజు మీద సున్నం చార.

ఇంటికెళ్ళేసరికి కారు తలుపు పిడి చేయి పెట్టలేనంత కాలుతోంది. చేలో ఆకులు గాలికి కాగితాల్లా గలగలమంటున్నాయి. డెల్మర్ వంటింటి బల్ల దగ్గర ఫ్యానుకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆమె దోసకాయా ఉల్లిపాయా పల్చగా తరిగి, అలమార తెరిచింది.

"వెనిగర్ సీసా ఏదీ? మొన్ననే తెచ్చాను."

"నిమ్మకాయ పిండు," అన్నాడు డెల్మర్ కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆమె నిమ్మకాయ పిండింది. చేతులు తుడుచుకుంది. ఎదురుగా కూర్చుంది. "డెల్మర్, ఆ గొట్టం సంగతి..."

తలుపు దబదబ మోగింది. బెర్డీన్. రెండు చేతులకూ వంటింటి గ్లోవులు, వాటి మధ్య పెద్ద గాజు గిన్నె నిండా కోడిమాంసమూ నూడిల్సూ, పైన జున్ను బుడగలు. మా వైపు ఎవరికైనా కష్టమొస్తే కన్నీళ్ళ కన్నా ముందు గిన్నె వస్తుంది.

"ఆర్డిస్, తల్లీ! ఏ ఆసుపత్రిలో పెట్టారు? గొట్టం వేశారట కదా? మాట్లాడుతున్నాడా?"

"మాట్లాడుతున్నాడు," అన్నాడు డెల్మర్, ఆమె వెనక నుంచి.

బెర్డీన్ గిన్నె వదిలెయ్యబోయి పట్టుకుంది. "బతికే ఉన్నావా!"

"పోయేదాకా ఆగితే చల్లారిపోతుందని ముందే తెచ్చావా, బెర్డీన్?"

"ఆ చెవిటి మాలోకాన్ని ఇంటికెళ్ళి చంపుతాను! వ్యానొచ్చింది, గుండె గీతలు రెండే ఉన్నాయి అన్నాడు. ఈ ఎండలో ఓవెన్ వెలిగించానయ్యా నీ కోసం!" నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుంది. గిన్నె మాత్రం వెనక్కి తీసుకోలేదు. "తెచ్చింది తెచ్చిందే. తినండి. అడుగున టేపు మీద నా పేరుంది, కడిగి ఇద్దువు గాని."

డెల్మర్ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. ఎన్నాళ్ళకో అలా నవ్వుతూ తింటున్న మనిషి ముందు ఆర్డిస్ ఆ మాట పక్కన పెట్టి, గిన్నెలోంచి ఇంకాస్త వడ్డించింది. తిన్నాక ఆయన లేచి, రోజూ లాగే షెడ్డు నీడలో మడతకుర్చీ మీద కునుకు తీయడానికి బయల్దేరాడు.

"నీకో మాట చెప్పాలి," అంది ఆమె.

"చల్లబడ్డాక చెప్పుదువు గాని." తలుపు దగ్గర ఆగాడు. "రేపు చీకటితో లేవకు, ఆర్డిస్. కాసేపు పడుకో. కాళ్ళు చూడు, ఎలా ఉబ్బాయో."

ఆమె గిన్నె కడిగింది. బెర్డీన్ పేరు తడవకుండా అడుగు పొడిగుడ్డతో తుడిచింది. చెప్పాల్సిన మాటలను వరస పెట్టుకుంది. మొదట చేయి జారిన సంగతి, తర్వాత గుడ్ల సంగతి, చివరికి హార్లన్ సంగతి. ఐసు ముక్కలు వేసిన టీ గ్లాసు పట్టుకుని షెడ్డు దగ్గరికి వెళ్ళింది. ఆయన చేనుకేసి తిరిగి కూర్చుని ఉన్నాడు. టోపీ ముక్కు మీదికి దిగి ఉంది. లేపడం ఇష్టం లేక పక్కన డబ్బా మీద కూర్చుని, కీచురాళ్ళ రొద వింటూ, లోలోపల వరస మరోసారి చెప్పుకుంది. గ్లాసులో ఐసు కరిగిపోయింది. అప్పుడు చేయి మీద చేయి వేసింది. అంత ఎండలో, ఊరు ఊరంతా కాలుతుంటే, ఆ చేయి ఒక్కటే చల్లగా ఉంది.

సాయంత్రానికి వ్యాను వచ్చి వెళ్ళింది. వాకిట్లో కార్లు ఆగాయి. వంటింటి బల్ల మీద గిన్నెలు చేరాయి, ప్రతి దాని అడుగునా ఒక పేరు. ఆర్వల్ ఆ గిన్నెల వైపు చూడలేక, తన నోటి మాటే ఈ పని చేసిందన్నట్టు గోడకు అంటుకుని నిలబడ్డాడు. హార్లన్ లోపలికి రాలేదు. టోపీ రెండు చేతుల్లో నలుపుతూ పెరట్లో నిలబడ్డాడు. ఆర్డిస్ మెట్ల మీదికి వచ్చింది. అందరూ ఆమె వెనకే వచ్చారు.

"పొద్దున ఆ మాట అనకుండా ఉండాల్సింది," అన్నాడు హార్లన్ నేలకేసి చూస్తూ. "దాన్ని వెనక్కి తీసుకునే దారి కూడా లేదిప్పుడు. ఆ మాటే ఆయన్ని..."

"నువ్వన్నది నిజమే. వాన పడలేదు." ఆమె గొంతు కాఫీ కావాలా అని అడిగినంత మామూలుగా ఉంది. "ఒక్కనాడూ పడలేదు. కుళాయి నీళ్ళు నేనే పోశాను. తిండి తింటాడని. ఆయన అబద్ధం ఆడలేదు. నా అబద్ధాన్ని ఆయన నోట మీరు విన్నారు. ఇవాళ చెప్దామనుకున్నాను."

హార్లన్ ముఖం దాచుకోవడానికన్నట్టు కంచె దగ్గరికి నడిచాడు. గుంజ దగ్గర వంగి, గడ్డిలోంచి ఏదో పైకి తీశాడు. "ఇదేంటి ఆర్డిస్, ఇక్కడ పెట్టావు?"

వెనిగర్ సీసా. సగానికి పైగా అయిపోయింది. మూతకు రబ్బరు బ్యాండుతో సీసాలు కడిగే సన్న బ్రష్షు కట్టి ఉంది.

ఆర్డిస్ సీసా కేసి చూసింది. గొట్టం కేసి చూసింది. రోజుల తరబడి సున్నపు నీళ్ళు ఎండిన గాజు మీద ఒక్క చార లేదు. మొదట్లో చార పడుతుందని భయపడింది. పడకపోతే, పైవాడు తన పక్షాన ఉన్నాడనుకుంది. అది పైవాడు కాదు.

"ఆయనకు తెలుసు," అంది. మెట్టు మీద కూర్చుంది. "వాన నీళ్ళు గాజు మీద చార పెట్టవు. కుళాయిలో వచ్చే మా బావి నీళ్ళు పెడతాయి. మొదటి వారమే చూసి ఉంటాడు. అది నాకు కనపడకూడదని రోజూ కడిగాడు. నేను అక్కడే కాఫీ పోస్తుంటాను కదా... ఇంక బల్ల దగ్గర వేరే మాట ఏం చెబుతాడు?"

"ఆయన వాన పడిందని అననే లేదు," అన్నాడు హార్లన్ నెమ్మదిగా. "గొట్టంలో ఉందన్నాడంతే. వాన అన్నది నేను."

గుమ్మం దగ్గరి నుంచి ఆర్వల్ చెవి మీద చేయి పెట్టుకుని ముందుకొచ్చాడు. "ఏమంటున్నారు? ఎవరైనా నాక్కూడా చెప్పండయ్యా!"

హార్లన్ అతని చెవి దగ్గరికి వంగి, పెరడంతా వినపడేలా అరిచి చెప్పాడు. "వాన రాలేదు, ఆర్వల్! ఆవిడ పోసింది! ఆయనకు తెలుసు! తెలిసే మన చేత మాటలు పడ్డాడు!" చివరి మాట దగ్గర ఆ పెద్ద గొంతు చీలిపోయింది.

ఆర్వల్ ఈసారి ఒక్క మాట కూడా తప్పు వినలేదు. టోపీ తీశాడు.

పడమట మబ్బు ఒకటి లేచి, మెరిసి, నది వైపు తరలిపోయింది. అందరూ ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. హార్లన్ చేతిలోని సీసాను ఎక్కడ పెట్టాలో తెలియక గుంజ మీదే, ఖాళీ గొట్టం పక్కన పెట్టి వెళ్ళాడు. మూత కాస్త వదులుగా ఉంది, అందులోంచి కారిన వెనిగర్‌కు బ్రష్షు వెంట్రుకలు ఇంకా చెమ్మగానే ఉన్నాయి.