బావి అడుగున వెలుగుతున్న టార్చి

నడుముకు కట్టిన తాడుతోనే మారియప్పన్ శవాన్ని పైకి లాగారు. బావి అడుగున అతని టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది.

"సరక్కు వేసిండాడు. తాగి దిగితే ఇంతే," అన్నాడు హరిహరన్. కినత్తుకడవు దగ్గరి ఆ కొబ్బరితోట, ఆ బావి అతనివే. ఇన్‌స్పెక్టర్ తలూపి శవాన్ని వ్యానెక్కించమన్నాడు.

మారియప్పన్ భార్య వీరాయి వ్యానుకు అడ్డంగా కూర్చుంది. "నా మొగుణ్ణి తాగుబోతని రాసుకొని కొండుపోతారా? నన్ను తొక్కి పోండి!"

బావిపనివాళ్లంతా ఆమె వెనక కూర్చున్నారు. దిగేముందు బావిలోకి దీపం దించడం తాతల నాటి నుంచి వాళ్ల ఆచారం. దీపం ఆరితే లోపల ఊపిరాడదని అర్థం; ఎవరూ దిగరు.

"దీపం ఏమిటికి దించలేదురా?" ముసలి అప్పసామి గద్దించాడు.

"సామి వద్దన్నాడు మామా," అన్నాడు మారియప్పన్ జతగాడు కుమరేశన్, హరిహరన్ వైపు చూస్తూ. "టార్చి ఉండాదే, పడిపోయిన మోటారు సీక్రం ఎత్తండి అన్నాడు."

అప్పసామి కిరసనాయిలు దీపం వెలిగించి తాడుతో దించాడు. సగంలోనే ఆరిపోయింది. మళ్లీ వెలిగించాడు. మళ్లీ ఆరింది.

అందరి చూపూ తోట చివరి పాత బోరు మీదికి పోయింది. ఫ్యాక్టరీ పొగలోని కార్బన్‌ను పట్టి, రాతి లోతుల్లో దాచి, భూమిని చల్లబరుస్తామన్న కంపెనీకి హరిహరన్ ఇచ్చిన బోరు అది.

"గ్యాసు రాతిలో భద్రంగా ఉంది. బయటికి రాదు," అంది కంపెనీ ఇంజనీరు సత్య, దూరంగా నిలబడే.

"అట్లయితే నువ్వు దిగు తల్లీ. టార్చి లోపలే ఉండాది," అంది వీరాయి.

సత్య కదల్లేదు. వీరాయి చూపు బావి పక్కనున్న ఖాళీ కొట్టం మీద ఆగింది.

"ఆవులేవి?"

"పోయిన వారమే సామి మిట్ట మీదికి మార్చినాడక్కా," అన్నాడు కుమరేశన్.

ఈ కథ చదివే కార్మికులారా, ఆ ఖాళీ కొట్టాన్ని మరిచిపోకండి!

"మనుషుల్ని కూడా దించొద్దన్నాం కదా సార్!" సత్య హరిహరన్ మీద అరిచింది. ఆ వెంటనే నోరు మూసుకుంది.

"ఆయనకు చెప్పినారు. మాకు చెప్పలేదు!" గుంపు లేచింది.

ఇన్‌స్పెక్టర్ నసిగాడు. "ఎవరి మీదమ్మా కంప్లయింటు? సామి అంటే చెల్లదు. పేరు చెప్పు."

ఆ తోటలో కూలివాళ్లెవరూ ఏనాడూ యజమాని పేరు పలకలేదు. వీరాయి లేచి నిలబడింది.

"ఆవుల్ని మిట్టకెక్కించి, నా మొగుణ్ణి గుంటలోకి దింపినాడు. తెలిసీ కంపెనీ మాకు చెప్పకుండా దాచింది. చంపినవాడు హరిహరన్!"

అప్పసామి అందుకున్నాడు. "హరిహరన్!"

తోటంతా పలికింది.