కుడిపక్క జాగా

కుక్కల సాయంతో నడిచేవాళ్ళం అప్పుడప్పుడూ ఒకచోట కూర్చుని మా అనుభవాలు చెప్పుకుంటాం. టైపిస్టు ఒకాయన తన కుక్క బస్సులో ఎవరి బన్నో లాగేసిన సంగతి చెబితే అందరూ పడీ పడీ నవ్వుతారు. నా వంతు వస్తే మా మొద్దు పరీక్ష నెగ్గిన కథ చెబుతాను. అందులోనూ సగమే చెబుతాను.

మొద్దు అన్నది నా కుక్కకు మా వదిన పెట్టిన పేరు. ఎంత గోల చేసినా తొణకడని. నాకు చూపు లేదు. వాడి వీపు పట్టీకి బిగించిన పిడి నా ఎడమచేతిలో ఉంటుంది. దారిలో మనిషి అడ్డొచ్చినా, స్తంభం అడ్డొచ్చినా, తన ఒళ్ళూ నా ఒళ్ళూ కలిపి పట్టే సందు చూసుకుని పక్కకు తిప్పుతాడు. నా కుడి భుజం దేనికీ తగలనివ్వడు. వాడికి నేర్పిన విద్య అదే.

అయితే ఇంటికి వచ్చిన రోజు నుంచీ నడవా మలుపులో ఒకచోట ఆగి, గోడవారగా చుట్టు తిరిగి వెళ్ళేవాడు. నేను కాలితో తడిమి చూశాను. ఒట్టి నేల. వదినను అడిగాను.

"ఏముందక్కడ, నా తలకాయ! వీడికే కళ్ళజోడు పెట్టించాలి," అంది. అంతలోనే గొంతు తగ్గించింది. "అత్తయ్య నిలబడేది అక్కడే కదూ?"

అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. నేను పని నుంచి వచ్చే వేళకు ఆ మలుపులో నిలబడి నా అడుగుల చప్పుడు కోసం చూసేది. బయటికి వెళితే నా కుడి మోచేతిని రెండు వేళ్ళతో పట్టుకుని నడిపించేది. కుక్కను తెచ్చుకుంటానంటే ఒంటికాలి మీద లేచేది. "నేను చచ్చానా, నీకు కుక్కెందుకే?" అనేది.

వదిన ఈ సంగతి మొద్దుకు విద్య నేర్పిన శిక్షకుడి దగ్గర నోరు జారింది. ఆయన వెంటనే నాకు ఫోన్ చేశాడు.

"లేనిదాన్ని చూసి తప్పుకునే కుక్కను నమ్మి రోడ్డు దాటలేమమ్మా. రేపు వచ్చి చూస్తాను. అలాగే చేస్తే వెనక్కి తీసుకెళ్ళాల్సిందే."

ఆస్పత్రిలో ఫోన్లు అందుకునే ఉద్యోగం నాది. మొద్దు లేకపోతే మళ్ళీ అన్నయ్య తీరిక కోసం గుమ్మంలో కాచుక్కూచోవాలి. ఆఖరికి ఉద్యోగమే మానుకోవాలి.

ఆ సాయంత్రం వదిన వంటింట్లో ఉండగా, మొద్దును పక్కన కూర్చోబెట్టుకుని మలుపు దగ్గర నిలబడ్డాను. ఒట్టి నేలతో మాట్లాడాలంటే సిగ్గేసింది.

"అమ్మా, రేపు వీణ్ణి తీసుకెళ్ళిపోతారట. కాస్త అక్కణ్ణుంచి జరగవూ?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మొద్దు లేచి నిలబడ్డాడు. వాడి తల మీద చెయ్యి వేశాను. ఆ తల మెల్లగా తిరుగుతోంది, ఎవరో నడిచి వస్తుంటే చూస్తున్నట్టు. ఎదుటి నుంచి నా కుడివైపుకు తిరిగి, అక్కడ ఆగింది.

మర్నాడు శిక్షకుడు మమ్మల్ని నడవాలో అటూ ఇటూ నడిపించాడు. మొద్దు గీత గీసినట్టు నడిచాడు.

"నేను చెప్పలేదూ, మావాడు బంగారమని!" అంది వదిన, నోరు జారింది తాను కానట్టు.

తరవాత వీధిలోకి వెళ్ళాం. దీపస్తంభానికీ మందుల షాపు మెట్లకీ మధ్య, మేం రోజూ దూరి వెళ్ళే సందు దగ్గర మొద్దు ఆగాడు. "పద" అన్నా కదలలేదు. వెనక్కి తిప్పి, చుట్టూ తీసుకెళ్ళాడు. బ్యాంకు తలుపు ఒక రెక్కే తెరిచి ఉంటే, రెండోది తెరిచేదాకా అడుగు వెయ్యలేదు.

శిక్షకుడు నవ్వాడు. "ఇదేం లెక్కరా నీది? కుడిపక్క ఇంకో మనిషికి జాగా వదులుతున్నావే! పోన్లెండమ్మా, జాగ్రత్త ఎక్కువైతే తప్పేం లేదు. మీ దగ్గరే ఉంచుకోండి."

"మీరు నా కుడిపక్కన నడుస్తున్నారా?" అనడిగాను.

"లేదమ్మా. మొదటినుంచీ మీ వెనకే ఉన్నాను."

నా కుడిచేతిలో సంచి ఉంది. దాన్ని భుజానికి తగిలించుకున్నాను. మోచేతిని ఒంటికి కొంచెం ఎడంగా పెట్టి, "పద" అన్నాను.

ముగ్గురికి సరిపడే దారి చూసుకుంటూ మొద్దు కదిలాడు.