తలుపు లేని గృహప్రవేశం

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను. లేకపోతే మా ఆవిడ మమతారాణి ఇది చదివి, ఆ ముక్క ఎక్కడ రాశావని నిలదీస్తుంది.

నేను బస్సు కండక్టర్ని. కరీంనగర్ నుంచి మంచిర్యాల, మంచిర్యాల నుంచి కరీంనగర్. పద్దెనిమిదేళ్ళుగా "లోపలికి జరుగుండ్రి, లోపలికి జరుగుండ్రి" అని అరిచి అరిచి గొంతు అరిగింది. ఒక్కడూ జరగడు. నేను మాత్రం జరగకూడని రోజున, జరగకూడని ఇంట్లోకి జరిగి కూర్చున్నాను.

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఐదు కిరాయి ఇళ్ళు మారాం. ఐదోది కోతిరాంపూర్‌లో, కనకవ్వ ఇంటి వెనక పోర్షన్. కనకవ్వ మంచి మనిషే. కాకపోతే ఆమెకు తలుపు కొట్టే అలవాటు లేదు. మేం అన్నం తింటుంటే వచ్చి కూరగిన్నె మూత తీసి చూస్తుంది. పగటిపూట కాస్త నడుం వాలిస్తే వచ్చి ఫ్యాను ఆపేస్తుంది. ఒకరోజు మమత చీర మార్చుకుంటుంటే నేరుగా లోపలికొచ్చి, "సిగ్గెందుకు బిడ్డా, నా ఇల్లే గద" అంది. ఆ రోజు మమత వెక్కివెక్కి ఏడ్చింది. "నాకు మేడలొద్దు, బంగ్లాలొద్దు. లోపటి నుంచి నేను గడియ పెట్టుకుంటే ఇంకొకలు తియ్యరాని తలుపు ఒక్కటి కావాలె నాకు" అంది. అందుకే, అప్పో సప్పో చేసి ఫ్లాటు తీసుకున్నాం.

రేకుర్తి దాటాక స్వర్ణ హైట్స్, ఐదో అంతస్తు. బిల్డరు వంశీధర్‌రావు దసరాకు ఇస్తానన్నాడు. ఏ దసరా అని అడగలేదు చూడండి, అది నా తెలివి. రెండు దసరాలు పోయాయి. ఒకసారి ఇసుక దొరకలేదన్నాడు, ఒకసారి మేస్త్రీలు ఊరికి పోయి రాలేదన్నాడు. లిఫ్టు వచ్చింది గానీ దాని తలుపు రాలేదు. ఆ తలుపు వచ్చేసరికి లిఫ్టును ఇంకో బిల్డింగుకు పట్టుకుపోయారు. వెళ్ళిన ప్రతిసారీ చాయ్ తాగించి, "ఫికర్ చెయ్యకన్నా" అని భుజం తట్టి పంపేవాడు. నా భుజం అరిగింది గానీ గోడలకు సున్నం పడలేదు.

ఇంతలో పంతులుగారు బాంబు పేల్చారు. ఈ నెల పద్నాలుగు దాటితే మూఢం, ఆ తర్వాత నాలుగు నెలల దాకా గృహప్రవేశాలకు ముహూర్తం లేదట. నాకు కాలు నిలవలేదు. "పద్నాలుగుకే పాలు పొంగించి పెడదాం. చేరుడు ఎప్పుడన్న చేరొచ్చు. అందరు గట్లనే చేస్తుండ్రు" అన్నాను.

"తలుపు పెట్టినంక పోదామయ్యా" అంది మమత.

"దర్వాజ ఉన్నది గద! తలుపుదేముంది, ఇయ్యాల కాకపోతే రేపు పెడ్తరు."

నిజానికి మా ఫ్లాటుకు దర్వాజ, అంటే ద్వారబంధం చెక్క, నిలబెట్టారు. గడప కూడా ఉంది. తలుపే లేదు, కిటికీలు లేవు, నల్లా లేదు, కరెంటు లేదు. మమత నా ముఖం కేసి చూసింది. ఆ చూపుకు అర్థం నాకు నెల తర్వాత తెలిసింది.

పద్నాలుగు పొద్దున ఆవును తెచ్చాం. ముందు ఆవు అడుగుపెట్టాలి కదా. లిఫ్టు లేదు, ఐదంతస్తులు. ఆవు రెండో అంతస్తు దాకా ఎక్కి, ఇక నా వల్ల కాదన్నట్టు ఎదురుగా ఉన్న ఫ్లాటులోకి దూరి పేడ వేసింది. ఆ ఫ్లాటు సదానందం సారుది, మావంటి బాధితుడే, స్కూలు టీచరు. తాడు పట్టి లాగినా ఆవు కదల్లేదు. పంతులుగారు గడియారం చూసుకుని, ఒక బిల్డింగంటే ఒకే ఇల్లు లెక్క అని తీర్పు చెప్పేశారు. పైన ఇటుకల పొయ్యి మీద పాలు పొంగాయి. గాలికి మంట నాలుగుసార్లు ఆరింది, ఐదోసారి పొంగాయి. వంశీధర్‌రావు కూడా వచ్చాడు. పెద్దమనిషి కదాని కుర్చీ వేసి, ప్యాంటు షర్టు బట్టలు పెట్టి, శాలువా కప్పి ఫోటో దిగాను. కనకవ్వ రెండు విస్తళ్ళ భోజనం చేసి, స్టీలు బిందె చదివించింది. అందరూ సంతోషంగా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మర్నాడు తలుపు సంగతి అడగడానికి వెళ్తే వంశీధర్‌రావు నన్ను వింతగా చూశాడు.

"నాగరాజన్నా, నువ్వు ఇంట్ల చేరినవ్ గదనే! పాలు పొంగిచ్చినవ్, పదిమందికి బువ్వ పెట్టినవ్, నాకు బట్టలు పెట్టినవ్. చేరినోనికి మల్ల ఇల్లెట్ల అప్పజెప్పాలె నేను?"

"తలుపు లేదు సార్!"

"చిన్న చిన్న పనులుంటయ్, మెల్లగ అయితయ్. ఇంక చేరనోళ్ళున్నరు పాపం, మనుషులను అటు పంపిన."

గోడ మీద శాలువా ఫోటో అప్పుడే ఫ్రేము కట్టి తగిలించి ఉంది. కింద 'ఇల్లు చేరిన మా కుటుంబాలు' అని బంగారు అక్షరాలు. దాని పక్కన ఇంకో ఫోటో, సదానందం సారు ఫ్లాటులో ఆవు. ఆవు దూరింది కాబట్టి ఆయన కూడా చేరినట్టేనట. సదానందం సారు ఆ వేళ ఊళ్ళోనే లేడు. ఒళ్ళు మండిపోయింది నాకు. పైగా మూఢం భయానికి నన్ను చూసి ఇంకో ఆరు కుటుంబాలు అదే రోజు పాలు పొంగించేశాయి. ఆరు శాలువాలు, ఆరు ఫోటోలు. బిల్డింగంతా చేరిపోయింది, లోపల మాత్రం పావురాలు తప్ప ఎవరూ లేరు.

ఇంటికొస్తే కనకవ్వ కుంకుమ భరిణె, జాకెట్టు ముక్క పట్టుకుని నిలబడి ఉంది.

"ఎప్పుడు పోతున్నరు బిడ్డా? మీ ఇంట్ల పొయ్యి ముట్టిచ్చినంక నా ఇంట్ల మీ పొయ్యి మండద్దు. ఒక కుటుంబానికి రెండు పొయ్యిలు అరిష్టం. ఒకటో తారీకుకు వేరేటోళ్ళకు మాటిచ్చిన."

"అవ్వా, నీ కండ్లతోటి చూసినవ్ గద, అండ్ల తలుపు గూడ లేదు" అంది మమత.

"చూసిన. పాలు గూడ చూసిన, మంచిగ పొంగినయ్" అని మమతకు బొట్టు పెట్టి సాగనంపింది. మేం కదల్లేదు. మర్నాడు మళ్ళీ బొట్టు, మళ్ళీ జాకెట్టు ముక్క. అట్లా తొమ్మిది రోజులు సాగనంపింది.

ఇంకో కిరాయి ఇల్లు చూద్దామని తిరిగాను. రెండు నెలల కోసం ఇల్లు ఎవరిస్తారు? సొంతిల్లు ఉన్నవాడికి కిరాయి ఇల్లెందుకని ఒకాయన నన్నే అనుమానించాడు. చివరికి పంతులుగారి కాళ్ళమీద పడ్డాను. చేసిన గృహప్రవేశాన్ని వెనక్కి తీసుకునే దారి ఏదన్నా ఉందా అని అడిగాను. ఆయన పాపం పుస్తకాలన్నీ తిరగేశారు.

"దేవునికైతే ఉద్వాసన చెప్పచ్చు. ఇంటి యజమానికి ఉద్వాసన చెప్పే మంత్రం లేదు నాయినా" అన్నారు.

ఒకటో తారీకు పొద్దున సామాను ట్రాలీకెక్కించాం. బీరువా, మంచం, కుట్టుమిషను, తొమ్మిది జాకెట్టు ముక్కలు. మా బిడ్డ ప్రజ్ఞ ఐదో తరగతి పుస్తకాల సంచీ పట్టుకుని బీరువా పక్కన కూర్చుంది. ఎక్కడికి పోతున్నామో నాకు తెలియదు, డ్రైవరుకు మమతే చెప్పింది. స్వర్ణ హైట్స్ ముందు ట్రాలీ ఆగగానే మమత దిగి, కొనేవాళ్ళకు చూపించడానికి కింది అంతస్తులో సింగారించి పెట్టిన ఫ్లాటు ముందు నిలబడింది. టేకు తలుపు, సోఫా, ఏసీ, బల్ల మీద ప్లాస్టిక్ ఆపిల్ పండ్లు. నల్లా తిప్పితే నీళ్ళు వస్తాయి. ఆ బిల్డింగులో పూర్తయిన ఇల్లు అదొక్కటే, కొనేవాళ్ళ కోసం పొద్దున్నే తెరిచి పెట్టారు.

"గ్యాస్ పొయ్యి దించు" అంది.

వంశీధర్‌రావు ఒక పెద్దకుటుంబాన్ని వెంటబెట్టుకుని ఫ్లాటు చూపించడానికి వచ్చేసరికి గిన్నెలో పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నాయి.

"ఏందమ్మా గిది?"

"పాలు పొంగినయ్ సార్. చేరినం. మీరు చెప్పిన లెక్కనే" అంది మమత, చక్కెర వేసిన పాలు గ్లాసులో పోసి ఆయన చేతికిస్తూ.

ఆయన ముఖం ఎర్రగా కందిపోయింది. ఇంతలో వెనకున్న పెద్దావిడ, "అబ్బ, ఇల్లన్నంక గిట్ల మనుషులుండాలె. కళ వచ్చింది" అని మురిసిపోయి, అక్కడికక్కడే ఒక ఫ్లాటు ఖాయం చేసుకుంది. వంశీధర్‌రావు ముఖం రంగు మారింది. పాలు గటగటా తాగేశాడు.

అట్లా మేం ఆ ఫ్లాటులో సామాను కిందే లెక్కయ్యాం. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా తలుపు తెరిచి ఉంచాలని షరతు. కొనేవాళ్ళు వస్తారు, మంచం మీద కూర్చుని పరుపు నొక్కి చూస్తారు, బీరువా తెరుస్తారు. ప్రజ్ఞ లెక్కలు చేసుకుంటుంటే పక్కన నిలబడి ఫోటో దిగుతారు. నేను డ్యూటీ నుంచొచ్చి లుంగీ కట్టుకుంటే వంశీధర్‌రావు ఫోను చేసి, "అన్నా, జర పైజామా ఏసుకో, మంచి పార్టీ వస్తుంది" అంటాడు. పదిహేను రోజుల్లో నాలుగు ఫ్లాట్లు అమ్ముకున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ ఏసీ బాగానే ఉంది. మమతకు మాత్రం ముద్ద దిగేది కాదు. "గీళ్ళకంటె కనకవ్వనే నయం. ఒక్కతే వస్తుండె" అంది ఒకరోజు.

ఆ శనివారం మంచిర్యాల నుంచి ఒక కొత్త జంట వచ్చింది. అతనిది బొగ్గు గనిలో ఉద్యోగం, ఆమెకు మహా అయితే ఇరవై నాలుగేళ్ళు. వంశీధర్‌రావు నన్ను పక్కకు పిలిచి, వీళ్ళు ఖాయమైతే సోమవారమే మీ తలుపు పెట్టిస్తా, నా బిడ్డల మీద ఒట్టు అన్నాడు. నేను మమతకు సైగ చేశాను.

ఆ అమ్మాయి ఇల్లంతా తిరిగి, మమత దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "అక్కా, కిరాయి ఇంట్ల ఓనరమ్మతోని మస్తు పరేషాన్ ఉన్నది. పని కాకున్నా మూఢం పోంగనే పాలు పొంగిచ్చుకోండ్రి అంటుండు సారు. ఏం కాదు గద?"

మమత నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "రా చెల్లె, నా ఇల్లు చూపిస్త" అని ఐదంతస్తులు ఎక్కించింది. వాళ్ళు కిందికి దిగొచ్చాక అతను వంశీధర్‌రావుకు దండం పెట్టి బండి స్టార్టు చేశాడు. ఆ అమ్మాయి బండెక్కుతూ మమతను గట్టిగా పట్టుకుంది.

వంశీధర్‌రావు శివమెత్తాడు. "నిమిషం ఉండద్దు! మీ సామాను తీసుకొని మీ ఇంటికి మీరు పొండ్రి! సాయంత్రం దాక టైము!" కారు తలుపు ధడాల్న వేసుకుని వెళ్ళిపోయాడు.

"అయిపోయింది. సోమారం వచ్చే తలుపును చేతులార పోగొట్టినవ్" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

"ఏ సోమారం?" అంది మమత.

గేటు దగ్గర వడ్ల సిద్దిరాములు బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. ఆయన వడ్రంగి, ఆ బిల్డింగులో దర్వాజలన్నీ ఆయన చేసినవే. ఆర్నెల్లుగా పని లేక కాపలా కాస్తున్నాడు. మమత ఆయన్ని పిలిచి టేకు తలుపు చూపించింది.

"కాకా, గిదే తలుపు మాకు గూడ పెడ్తనని కాయితంల రాసిచ్చిండు. మా సామాను తీసుకపొమ్మన్నడు గద, మరి గిది మా సామానేనా కాదా?"

సిద్దిరాములు బీడీ పారేశాడు. తలుపును పై నుంచి కింది దాకా చేత్తో తడిమాడు. "నీ దర్వాజకు బరాబర్ కూసుంటది బిడ్డా. రెండు నేనే చేసిన" అన్నాడు.

ఒకవైపు నేను, ఒకవైపు కబురు పెట్టగానే వచ్చిన సదానందం సారు, వెనక సిద్దిరాములు. పాడె మోసినంత బరువుంది. ప్రతి అంతస్తులో దించి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కించాం. సిద్దిరాములు గంటన్నరలో బిగించేశాడు. సామాను చేర్చాం, బిందెలతో నీళ్ళు మోశాం. అంతా అయ్యాక మమత, "మీరందరు జర బయటికి పొండ్రి" అంది. నన్ను కూడా పంపేసింది. ప్రజ్ఞను లోపల ఉంచుకుని తలుపు వేసుకుంది.

గడియ పడిన చప్పుడు వినిపించింది. తర్వాత తీసిన చప్పుడు. మళ్ళీ పడింది. తీయడం, పెట్టడం, తీయడం, పెట్టడం. లోపల తల్లీబిడ్డలు నవ్వుతున్నారు. నేను మెట్ల మీద కూర్చుని ముఖం తుడుచుకున్నాను. పదకొండేళ్ళు కిరాయి కట్టాను గానీ ఈ నవ్వు ఒక్కసారి వినలేదు, సిగ్గేసింది.

అప్పుడే వంశీధర్‌రావు రొప్పుతూ ఐదంతస్తులూ ఎక్కి వచ్చాడు. కింద ఇల్లు నోరు తెరుచుకుని ఉండడం చూసుంటాడు. మా తలుపు పక్కనే వంటింటి కిటికీ కోసం వదిలిన పెద్ద సందు ఉంది. ఊచల్లేవు, రెక్కల్లేవు, ఒక్క కాలు ఎత్తి వేస్తే మనిషి లోపలికి పోవచ్చు. అందులోంచి మమత జడ వేసుకోవడం కూడా కనిపిస్తోంది. ఆయన ఆ సందును చూశాడు, నన్ను చూశాడు, తలుపును చూశాడు. తర్వాత చొక్కా సర్దుకుని, చెయ్యెత్తి తలుపు మీద మూడుసార్లు కొట్టాడు.

లోపల నవ్వు ఆగింది.

"ఎవరు?" అంది మమత.

"నేనమ్మా. వంశీధర్‌రావును."

"జర ఆగుండ్రి."

ఆయన నా పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. నేను కాస్త అటు జరిగి చోటిచ్చాను.